పాలు తాగిన చుట్టరాయి

ఉరుకుందు గడ్డం చూసి, మ్యూజియంకు వచ్చే జనం వాన్ని మాల వేసుకున్న సామేమో అనుకునేటోళ్లు. ఒక పెద్దమ్మ అయితే వంగి కాళ్లు మొక్కబోయింది. "వద్దమ్మా, నేను సామిని గాదు, ఈడ ఊడ్చేటోన్ని," అని ఎనక్కి దూకినాడు పాపం. సూపరింటెండెంటు దావీదురాజు సారుకు అది రోజూ నవ్వులాట. "ఏమప్పా, నీ గడ్డానికి కూడా టికెట్టు పెడితే మన మ్యూజియంకు ఇంకా నాలుగు దుడ్లు వస్తాయి గదా!"

అసలు సంగతి ఏందంటే, వాని పెండ్లాం భువన కడుపుతో ఉండాది. ఎనిమిదో నెల. పెండ్లాం కడుపుతో ఉంటే మొగుడు గడ్డం తీయకూడదు, టెంకాయ కొట్టకూడదు, పీనుగను మోయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పామును చంపకూడదు. ఇవి మనకు తెలియనివా? తెలిసినా శానామంది సగం పాటిస్తారు, సగం గాలికిడుస్తారు. ఉరుకుందు మాత్రం ఒక్కటీ ఇడిచిపెట్టలే. ఎందుకో చెప్తా.

వానిది కౌతాళం పక్క పల్లె. ఆ పక్కన ఉరుకుంద గుళ్లో ఉండే ఈరన్నసామి పేరు లేని ఇల్లుండదు గదా, అట్లొచ్చిందే ఆ పేరు. వానలు మొగం చాటేస్తే మీసాలు మొలిచే వయసులోనే బేతంచెర్లకు వచ్చినాడు. బండల ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద నిలబడినాడు. చెయ్యి శానా మంచిది. వాడు కోస్తే బండ అంచు దారం పట్టి లాగినట్ల వచ్చేది. "ఈనికి పిల్లనియ్యొచ్చులే" అని నాగక్క తన బిడ్డ భువననిచ్చి చేసింది.

పెండ్లయిన కొత్తలో ఒకరోజు మిషన్ పని లేక గనిలోకి పోయినాడు, బండలు లేపేదానికి. గడ్డపారతో ఒక బండ ఎత్తినాడు. కింద నాగుపాము. పడగ ఎత్తింది. వాడు భయంతో ఏం చేస్తాండాడో వానికే తెలీలే, చేతిలోని గడ్డపార దించేసినాడు. రెండు ముక్కలయింది. తల ఒక పక్క, ఒళ్లు ఒక పక్క, ఆ ఒళ్లు శానా సేపు మెలికలు తిరిగింది. సాయంత్రం ఇంటికి పోతే భువన సిగ్గుపడుకుంటా చెప్పింది, నెల తప్పిందని. విన్నోనికి సంతోషం రావల్ల గదా. వాని ఒళ్లంతా చల్లబడింది.

ఆ కడుపు నిలవలే. ఆ తర్వాతిది ఐదో నెల దాకా వచ్చి అదీ పాయె. డాక్టరమ్మ నెత్తురు తక్కువ ఉండాదని మాత్రలు రాసింది. నాగక్క పాము ఉసురు తగిలిందనింది. ఉరుకుందు మాత్రలూ తెచ్చినాడు, పుట్టకూ మొక్కినాడు. నమ్మింది మాత్రం అత్త మాటనే. గని పక్కకు పోవాలంటే కాళ్లు రావు. దుమ్ముకు దగ్గు కూడా పట్టుకునింది. ఎవరినో పట్టుకోని కర్నూల్లో ఈ పాత మ్యూజియంలో అవుట్‌సోర్సింగ్ పని సంపాదించినాడు. ఊడ్చేది, అద్దాలు తుడిచేది, స్కూలు పిల్లోళ్లు వస్తే "ముట్టుకోవద్దు" అని అరిచేది. నెమ్మదిగా ఉండాది బతుకు. భువనకు మళ్లీ కడుపు వచ్చింది, ఈసారి నిలిచింది. నాగక్క మూట కట్టుకోని, కొడుకు రంగన్నను వెంటేసుకోని బిడ్డకు తోడు వచ్చింది. ఇంక కొన్ని వారాలు గడిస్తే చాలు.

అట్లాంటప్పుడు వచ్చింది హరిత మేడమ్.

ఆయమ్మది కడప. వాళ్లకు ఆడ బట్టలంగడి ఉండాది. అంగట్లో కూచోని చీరలు మడత పెట్టకుండా, రాళ్లలో బతికి సచ్చిన జీవాల గురించి పెద్ద చదువు చదివింది. పాత కాలంలో కాలువ తవ్వించే దొర ఒకాయన ఊరూరా తిరిగి రాతిజీవాలు ఏరి పెట్టుకున్యాడంట. ఆయప్ప పెట్టెలు కడాకు ఈ మ్యూజియంకు చేరినాయని యాడో చదివి, వెతుక్కుంటా వచ్చింది.

దావీదురాజు సారు నవ్వినాడు. "రాళ్లా? ఏమ్మా, ఈ జిల్లాలో రాళ్లు గాకుండా ఏముండాదో అది అడుగు, వెతికి పెడతా."

"ఎనక గదిలో పాత బీరువాలు ఉన్నాయంట కదా సార్?"

"ఉండాయి. నేను వచ్చినప్పటినుంచి తెరవలే. నాకంటే ముందున్న సారూ తెరవలే. ఉరుకుందూ, పో అప్పా, మేడమ్‌కు సాయం చెయ్."

ఎనక గదిలో టేకు బీరువా. సొరుగులు ఉబ్బి బిగుసుకోని ఉండాయి. ఉరుకుందు రెండు కాళ్లు తన్ని పెట్టి లాగినాడు. కిర్రుమని సొరుగు బయటికొచ్చింది. దుమ్ము లేచింది. దుమ్ము పడినాక వాడు లోపలికి చూసినాడు.

పాము. చుట్టలు చుట్టుకోని పండుకున్న పాము. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. ఒంటి మీద గీతలు, ఎముకలు తేలినట్ల. ఒక్కదానికీ తల లేదు.

"అమ్మా!" అని సొరుగు ఇడిచేసి గోడకు అతుక్కున్యాడు.

అదే టైముకు హరిత మేడమ్ కూడా అరిచింది, కాకపోతే సంతోషంతో. "దొరికినాయి! ఉరుకుందూ, దొరికినాయప్పా!" చంటిబిడ్డను ఎత్తుకున్నట్ల ఒకదాన్ని రెండు చేతుల్తో ఎత్తుకునింది.

"మేడమ్, కింద పెట్టండి. పాములు."

"పాములు కాదు. ఇవి సముద్రంలో బతికినవి. నత్తకు గుల్ల ఉంటుంది కదా, అట్లాంటి గుల్ల. దాంట్లోనుంచి ఆక్టోపస్ మాదిరి చేతులు బయటికి చాచి ఈదేవి. చచ్చి బురదలో పడితే, బురదా గుల్లా కలిసి రాయి అయిపోయినాయి."

"మరి తల యాడ పోయింది?"

"తల మెత్తగా ఉండేది. కుళ్లిపోయింది."

ఉరుకుందు కండ్ల ముందర గడ్డపార కదిలింది. తల ఒక పక్క, ఒళ్లు ఒక పక్క. వాని మొగం చూసి మేడమ్‌కు జాలేసింది. ధైర్యం చెప్పాలని ఒక మాట అనింది, ఆ మాటే కొంప ముంచింది.

"ఎందుకంత భయం? దేవుని గుళ్లో సాలగ్రామం ఉంటుంది చూడు, పూజ చేస్తారే, అది కూడా ఇట్లాంటిదే."

అంటే దేవుడేనన్నమాట. ఉరుకుందు మనసులో ఆ మాట మేకు దిగినట్ల దిగింది. పామూ, దేవుడూ, రెండూ.

ఆపొద్దునుంచి అదే పని. మేడమ్ ఒక్కో సొరుగు చూసుకుంటా వస్తాండాది. ఉరుకుందు మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపల్ల. ప్రతి రాయి అడుగున కాగితం ముక్క అంటించి ఉండాది, దొర చేతిరాత, యా ఊర్లో దొరికిందీ అని. మేడమ్ అది చదివి, రాయిని భూతద్దం పెట్టి చూసి, యా జాతిదో తేల్చి పక్కన పెడతాది. గుల్ల మీద కుట్లు మాదిరి గీతలుంటాయి. అవి కొత్తిమీర ఆకు అంచు మాదిరి వంకరటింకరగా ఉంటే అమ్మోనైట్ అంట. సాదాగా, మెల్లగా వంగి పోతే నాటిలస్ అంట.

"ఆ కుట్లు ఏందనుకున్నావ్? లోపల గోడలు. ఇది పెరిగేకొద్దీ ముందర ఒక కొత్త గది కట్టుకొని, ఎనక గదిని మూసేసేది. లోపలంతా గదులే, ఒకదాని పక్కన ఒకటి."

కడుపులో గదులు. ఉరుకుందు ప్రతి రాయి దగ్గరా లోపల్లోపల "తప్పు సామీ, తప్పు సామీ" అనుకుంటా దులిపినాడు.

ఇంట్లో చెప్పకూడదు అనుకున్యాడు. ఎట్ల దాగుతాది? అన్నం కాడ కూచోని ముద్ద పట్టుకోని అట్లే చూస్తాండాడు.

"మామా, ఏమయింది?" అనింది భువన.

"ఏం గాలే."

"ఏం గాకుంటే నీ గడ్డం యాల వణుకుతాండాది?"

నవ్వబోయి నవ్వలేక, అంతా కక్కేసినాడు. నాగక్క చేతిలోని గంటె కిందపడింది. "తల లేని పాములా? రాళ్లయినాయా? నువ్వు ముట్టుకుంటాండావా? నా బిడ్డ కడుపులో పసిగుడ్డును పెట్టుకోని ఉంటే, నువ్వు ఆడ పాముల మీద బ్రష్షు రుద్దుతాండావా అల్లుడా?"

"పని గదత్తా."

"మానుకో."

"మానుకుంటే కాన్పుకు ఏం పెట్టుకోని ఆస్పత్రికి పోదాం?"

నాగక్క గొంతు తగ్గించి చెప్పింది. "అయితే చల్లబరచల్ల. పాలు పోసి, పసుపు పెట్టి, తెలిసీ తెలియక ముట్టుకున్యా, నా ఇంటి మీదికి రావద్దు తల్లీ అని మొక్కు. అన్నిట్లో పెద్దది ఏదో దానికి పొయ్యి. పెద్దది చల్లబడితే తక్కినవి ఏమీ అనవు."

మరుసటి పొద్దు, మేడమ్ బస్సు దిగకముందే, ఉరుకుందు చెంబుతో పాలు తీసుకోని ఎనక గదిలోకి పోయినాడు. అన్నిటికంటే కింది సొరుగు, మేడమ్ ఇంకా చూడంది. దాంట్లో ఉండాది పెద్ద చుట్ట, జొన్నరొట్టె అంత. నున్నగా, నల్లగా. దాన్ని ఆనుకోని ఒక ఉత్త రాతిముక్క. ఆ ముక్కను చూస్తూనే గుర్తుపట్టినాడు, మన బేతంచెర్ల బండే. దొర ఎందుకు పెట్టుకున్యాడో.

చుట్ట మీద పసుపు చల్లినాడు. కండ్లు మూసుకోని పాలు వంచినాడు. "నా బిడ్డ జోలికి రావద్దు సామీ. నన్ను ఏమన్నా చెయ్." మొక్కుకుంటా పాలు ఎంత పోతాండాయో చూసుకోలే. కండ్లు తెరిచేసరికి సొరుగంతా పాలే. చుట్టా తడిసింది, పక్క బండముక్కా తడిసింది. గాభరాగా రెండూ బయటికి తీసి, మెడలోని తువ్వాలతో తుడిచినాడు. తువ్వాలకు అంటుకోని రెండు కాగితాలు వచ్చేసినాయి.

వాటిని అరచేతిలో పెట్టుకోని కిటికీ వెలుతురుకు పట్టినాడు.

రెండు కాగితాలు. రెండింటి మీదా పాత సిరా, ఇంగ్లీషు. వానికి తెలుగే కూడబలుక్కోని చదవల్ల. ఏది దేనిదో యాడ తెలుస్తాది? ఇది అడుగున ఉండెనా, అది అడుగున ఉండెనా? బయట గేటు దగ్గర ఆటో నిలిచిన సప్పుడు. పోస్టర్లు అంటించే మైదాపిండి జిగురు డబ్బాలో ఉండాది. ఒకటి దీనికి, ఒకటి దానికి అద్ది, సొరుగు తుడిచి మూసేసినాడు. పసుపు మరకలు చొక్కా కొసతో రుద్దినాడు. అయిపాయె అనుకున్యాడు.

ఆ సొరుగు వంతు వచ్చిన రోజు, హరిత మేడమ్ పెద్ద చుట్టను తిరగేసి కాగితం చదివింది. మళ్లీ చదివింది. స్టూలు మీద కూలబడింది.

"సార్, ఒకసారి రండి," అని దావీదురాజును పిలిచింది. "దీని మీద ఏముందో మీరు చదవండి. నా కండ్లు నన్నే మోసం చేస్తున్నాయేమో."

సారు అద్దాలు సర్దుకున్యాడు. "బేతంచెర్ల అని ఉండాది. దాంట్లో ఏముంది తల్లీ? మనూరే."

"మనూరు కాబట్టే సార్! మన బండ ఎంత పాతదో తెలుసా? అది బురదగా ఉన్నప్పుడు సముద్రంలో కండ్లుండేది గానీ, గుల్ల ఉండేది గానీ ఒక్క జీవమూ పుట్టలేదు. ఇవన్నీ ఆ తర్వాత ఎంతో కాలానికి వచ్చినవి. ఆ బండలో ఇది దొరికిందంటే, తాత పెండ్లి ఫోటోలో మనవడు నిలబడినట్టు!"

సారు నవ్వినాడు. మేడమ్ నవ్వలే. పక్కనున్న ఉత్త రాతిముక్క తిరగేసి చూసింది. దానికి అరియలూరు అని తమిళనాడు పక్క ఊరు రాసి ఉండాది. ఆయమ్మ నొసలు ముడిపడింది. "ఈ ముక్క చూస్తే మన బండ మాదిరే ఉంది. రెండూ తారుమారైనాయేమో." తల తిప్పి ఉరుకుందును చూసింది. "ఈ సొరుగు ఎవరన్నా ముట్టుకున్నారా?"

అదీ గడియ. చెప్పేసి ఉంటే అయిపోయేది. ఉరుకుందు నోరు తెరిచినాడు. భువన కడుపు గుర్తొచ్చింది. పని పోతే? పోలీసోళ్లు వస్తే? నిండు చూలాలు కాన్పుకు పోయే ఆపొద్దు మొగుడు స్టేషన్లో ఉంటే?

"లేదు మేడమ్. ఎవరూ ముట్టుకోలే."

"అయితే ఒకటే దారి," అనింది మేడమ్. "కోసి చూడాలి. పై కాగితం అబద్ధం చెప్పొచ్చు. లోపలి గదుల్లో ఏ బురద నిండి గట్టిపడిందో అది అబద్ధం చెప్పదు."

"కోసేదానికి మనోడే ఉండాడు గదమ్మా!" అని సారు ఉరుకుందు భుజం తట్టినాడు. "బేతంచెర్లలో పేరు మోసిన చెయ్యి. పైనుంచి పర్మిషన్ నేను తెప్పిస్తా."

నడి మధ్యకు కోయల్ల. చుట్టలు చుట్టుకున్న దాన్ని, రెండు ముక్కలు. మళ్లీ వాని చేతుల్తోనే.

పర్మిషన్ వచ్చేదాకా ఉరుకుందు మనిషి గాలే. రాకుండా పోతే బాగుండు, రోజూ అడ్డం పడే ఆఫీసులు ఈసారి కూడా అడ్డం పడితే బాగుండు అనుకున్యాడు. ఏం లాభం? ఎప్పుడూ లేంది, కాగితం చకచకా వచ్చేసింది. ఇంట్లో చెప్పలే. భువన కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ కదులుతాండాదా అని చూసేటోడు. కదిలితే ఊపిరి, కదలకుంటే చెమట. "నువ్వు ఇట్ల మాటిమాటికీ తడిమితే అదే భయపడి ముడుచుకుంటాది మామా," అని భువన ఎక్కిరించింది. రాయిని కోపించేదానికి బేతంచెర్లకు పోయే రోజు పొద్దున మాత్రం ఆ పిల్ల ఎక్కిరించలే. "ఏమో మామా, లేచినప్పటినుంచి గమ్మునుండాది," అనింది.

"అత్తతో చెప్పినావా?"

"చెప్పినా. తిన్నాక కదులుతాదిలే అనింది."

ఉండిపోదామనుకున్యాడు. అప్పటికే మేడమ్ ఫోన్ చేస్తాండాది.

బస్సులో రాయిని పాత దుప్పట్లో చుట్టి వాని ఒళ్లో పెట్టింది మేడమ్. జాగ్రత్తప్పా, అనింది. పక్క సీటు ముసలామె తొంగి చూసింది. "పసిబిడ్డా నాయనా? మొగానికి గుడ్డ కప్పినావే, ఊపిరాడొద్దా?"

"బిడ్డ గాదవ్వా, రాయి."

"రాయిని అట్ల హత్తుకున్యావేమప్పా!" అని అవ్వ ముక్కు మీద వేలేసుకునింది. ఉరుకుందు ఏం చెప్తాడు? దారి పొడుగునా బండల లారీలు ఎదురొస్తాండాయి. ప్రతి గతుకుకూ ఒళ్లోని బరువు కడుపుకు తగులుతాండాది. చల్లగా.

ఫ్యాక్టరీలో అన్నీ అట్లే ఉండాయి. తెల్ల దుమ్ము, నీళ్ల బురద, బండ కోసే చక్రం కూత. మేస్త్రి ఈరప్ప వాన్ని చూసి పరిగెత్తుకోని వచ్చినాడు. ఆయప్ప దగ్గరే వాడు పని నేర్చింది. "ఏమప్పా ఉరుకుందూ! సన్యాసం పుచ్చుకున్యావా ఏంది?" అని గడ్డం పట్టుకోని ఊపినాడు. ఊపుతా ఊపుతానే నిలిపినాడు. "ఓహో. ఎన్నో నెల?"

"ఎనిమిది నిండొచ్చింది ఈరప్పన్నా."

మేడమ్ దుప్పటి విప్పింది. రాయిని చూడగానే ఈరప్ప ఒకడుగు ఎనక్కి ఏసినాడు. "ఏమ్మా, దీన్ని ఈని చేతనే కోయిస్తావా? పెండ్లాం నిండు చూలాలు గదమ్మా ఈనికి!"

హరిత మేడమ్ తెల్లబోయింది. ఒకసారి గడ్డం చూసింది, ఒకసారి రాయిని చూసింది. "నాకెవరూ చెప్పలేదే! ఉరుకుందూ, నువ్వన్నా చెప్పొద్దా?" అనింది. ఆయమ్మ గొంతులో నొప్పి ఉండాది, ఎక్కిరింపు లేదు. "వద్దులే. నువ్వు ముట్టుకోవద్దు. ఈరప్పా, నువ్వు కోస్తావా?"

"నాకేం భయమమ్మా? నా మనవరాండ్లకే జడలు వేస్తాండారు. ఇటియ్యండి."

తప్పించుకున్యాడు గదా? ఉరుకుందు గోడకానుకోని నిలబడినాడు. ఊపిరి పీల్చుకోవల్ల గదా? పీల్చుకోలేకపాయె. ఈరప్ప అంచులు కోసే చిన్న మిషన్ మీద రాయిని పెట్టి, చెక్కముక్కలతో బిగించినాడు. నీళ్ల పైపు ఇడిచినాడు. చేతులు ఈరప్పవే. అయితే ఈ రాయి ఈడికి వచ్చింది ఎవరి వల్ల? కోత పడేది ఎవరి అబద్ధం వల్ల? దానికి తెలీదా?

అప్పుడు మోగింది వాని ఫోను. నాగక్క.

"అల్లుడా, బిడ్డ కదల్లేదు. నొప్పులు కూడా మొదలైనాయి. రంగన్న ఆటో తెచ్చినాడు, పెద్దాస్పత్రికి పోతాండాం. నువ్వు యాడుండావు?" ఎనక భువన మూలుగు వినబడింది.

చక్రం తిరగడం మొదలైంది. కీచుమని కూత. ఈరప్ప పిడి పట్టుకోని కిందికి దించుతాండాడు. నీళ్లు చిమ్మి రాయి తడిసి మెరిసింది, పాలు పోసిన పొద్దు మెరిసినట్ల.

"నిలుపన్నా! నిలుపు!"

అరుపు చక్రం కూతలో కలిసిపోయింది. ఉరుకుందు ఉరికి పోయి స్విచ్చు కొట్టినాడు. చక్రం మెల్లగా, మెల్లగా ఆగింది. అందరూ వాన్నే చూస్తాండారు.

"మేడమ్, అది బేతంచెర్ల రాయి గాదు. నేనే అంటించినా కాగితాలు. పాలు పోసినా మేడమ్, పాముకని పోసినా. ఊడొచ్చేసినాయి. ఏది దేనిదో తెలీక అంటించినా. అడిగితే అబద్ధం చెప్పినా. కోయొద్దు మేడమ్, దాన్ని కోయొద్దు, నా భువన ఆస్పత్రికి పోతాండాది..."

బురదలో మోకాళ్ల మీద కూలబడినాడు.

హరిత మేడమ్ మొగంలో నెత్తురు లేదు. "పాలా? నూరేండ్లు దాటిన కాగితానికి పాలు పోసినావా?" అనింది. "నేను ఎవరెవరికి చెప్పినానో తెలుసా? రేపు పదిమంది ముందర నా మొగం ఎక్కడ పెట్టుకునేది? నువ్వు ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే..." అని, మొగానికి చెయ్యి అడ్డం పెట్టుకోని అటు తిరిగింది. ఈరప్ప చెక్కలు వదులు చేసి రాయిని దుప్పట్లో పెట్టినాడు, ఎవరూ చెప్పకుండానే.

కాసేపటికి మేడమ్ అటు తిరిగే అనింది. "పో. ఈడేం చేస్తావ్? ఆస్పత్రికి పో."

బస్సు కోసం నిలబడే ఓపిక లేదు. బండలు నింపుకోని కర్నూలు పక్క పోతాండే లారీ ఎక్కించినాడు ఈరప్ప. కోయలే, కోయలే అని దారంతా అనుకున్యాడు. అంతలోనే ఇంకో ఆలోచన. చక్రం తగిలిందా? నేను స్విచ్చు కొట్టే లోపల కొంచెమన్నా తగిలిందా? నీళ్లు చిమ్మినాయి, సరిగ్గా చూడలే. ఫోను చేస్తే నాగక్క ఎత్తలే. మళ్లీ చేస్తే స్విచాఫ్. డ్రైవరు పాట పెట్టినాడు, వీని మొగం చూసి వాడే ఆపేసినాడు.

కాన్పుల వార్డు బయట నాగక్క నేల మీద కూచోని ఉండాది. భువన తమ్ముడు రంగన్న గోడకు తల ఆనించుకోని నిలబడినాడు. ఉరుకుందు ఏమయిందని అడగలే. అడిగితే జవాబొస్తాది గదా, ఆ భయం. తలుపు అవతల ఎవరో ఆడామె అరుస్తాండాది. అది భువనదో కాదో కూడా తెలీలే. అరుపు ఆగిపాయె. తర్వాత ఏ సప్పుడూ లేదు.

బిడ్డ ఏడుపు రావల్ల గదా ఇప్పుడు. రాలే.

నాగక్క లేచి నిలబడింది. ఉరుకుందు తలుపు మీద చెయ్యి పెట్టి, తోయలేక అట్లే నిలబడినాడు. లోపల చకచకా అడుగులు, ఇనుప పళ్లెం సప్పుడు, "తట్టు, ఇంకా తట్టు" అని ఎవరో అనడం. వాడు కండ్లు మూసుకున్యాడు. నల్లగా, తడిగా, చుట్టలు చుట్టుకోని ఉన్నదే కనబడింది.

పిల్లిపిల్ల అరిచినట్ల సన్నగా ఒక సప్పుడు. ఆగింది. మళ్లీ వచ్చింది. ఈసారి ఆగలే.

నర్సు నిస్సీ తలుపు తెరిచింది. ఆ పిల్ల కూడా చెమటతో తడిసిపోయి ఉండాది. "ఆడబిడ్డ. నెల ముందర వచ్చేసింది, చిన్నగా ఉంది, కొన్నాళ్లు వెచ్చగా ఉండే అద్దాల పెట్టెలో పెడతాం. అమ్మ బాగుంది. అబ్బా, ఎంత భయపెట్టిందండీ మీ బిడ్డ! పేగు మెడకు రెండు చుట్లు చుట్టుకొని ఉన్నింది. తప్పించేసరికి మాకు పాణాలు పోయినాయి."

"ఏం చుట్టుకోని?" అన్యాడు ఉరుకుందు.

"పేగండీ, బొడ్డుపేగు. రెండు చుట్లు."

ఉరుకుందు ఉన్న కాడనే కింద కూచున్యాడు. ఏడుస్తాండాడో నవ్వుతాండాడో తెలీనట్ల కూచున్యాడు. అప్పుడు అత్తకు అంతా చెప్పినాడు, రాయి సంగతి, చక్రం సంగతి. "కోసింటే?" అనింది నాగక్క. అంతలోనే ఆయమ్మకు ఇంకో భయం పట్టుకునింది. మెడకు పేగు చుట్టుకోని పుట్టిన బిడ్డను మేనమామ నేరుగా చూడకూడదు గదా! "రంగన్నా, అటు తిరుగు! గిన్నెలో నూనె తెస్తా, నూనెలో నీడ చూడల్ల ముందు!" రంగన్న గోడకు మొగం పెట్టి, "నన్నెందుకమ్మా ఇట్ల శిక్షిస్తావు, బిడ్డ ఇంకా పెట్టెలోనే ఉండాది గదా," అని గొణిగినాడు. నిస్సీ నవ్వాపుకోలేక లోపలికి పాయె.

ఉరుకుందు మళ్లీ పనికి పోయిన రోజు గడ్డం లేదు. దావీదురాజు సారు ఈసారి నవ్వులాడలే. "మేడమ్ అన్నీ చెప్పింది. నేను పైకి రాయలే అప్పా. కానీ ఇంక నువ్వు గేటు కాడనే. లోపల ఏమీ ముట్టుకోవద్దు." ఉరుకుందు సరేనన్యాడు. అదే మేలనిపించింది కూడా.

వారం దాటినాక హరిత మేడమ్ గేటు కాడికే వచ్చింది. "రా ఒకసారి. కింది సొరుగు మూసుకోవడం లేదు. నీకు తప్ప ఎవరికీ లొంగేట్టు లేదది."

ఉరుకుందు గడప దగ్గరే నిలిచిపోయినాడు. సొరుగు తెరిచి ఉండాది. పెద్ద చుట్ట దాంట్లో పండుకోని ఉండాది, ఒంటి మీద గీతంత కోత కూడా లేకుండా.

"గుల్ల నోటి సందులో గోరంత మట్టి మిగిలింది. తెల్లమట్టి, మన పక్కది కాదు. అరియలూరుదే," అనింది మేడమ్. "నాటిలస్. కాగితాలు మళ్లీ మార్చి, ఎందుకు మార్చినానో కూడా రాసిపెట్టినాను. నా పెద్ద సంగతి చిన్నదైపోయింది." ఆయమ్మ నవ్వబోయింది, నవ్వు పూర్తిగా రాలే. "బిడ్డ ఎట్లుంది?"

"పెట్టెలోనుంచి ఇంటికొచ్చింది మేడమ్. పండుకుంటే ముడుచుకోని చుట్ట మాదిరి పండుకుంటాది. ఊపిరి ఆడుతాండాదా లేదా అని వంగి చూస్తాంటా. భువన తిడతాది."

"ఇంకా భయమేనా దీన్ని చూస్తే?"

"భయమే మేడమ్."

అని లోపలికొచ్చినాడు. ఆపొద్దు తన్నిపెట్టి లాగినట్ల లాగలే. రెండు అరచేతులు సొరుగు చెక్కకు ఆనించి, పసిబిడ్డ పండుకున్న గదికి తలుపు వేసినట్ల, సప్పుడు రాకుండా మెల్లగా తోసినాడు.